రిపోర్టులో రెండు అంకెలు: ఒక మిల్వాకీ కిడ్నీ రోగి కేసు, జాతి వివక్షపై అమెరికా చట్టాలు

రోగి 52 ఏళ్ల నల్లజాతి పురుషుడు. ఇనుప పోత కర్మాగారంలో పాతికేళ్లకు పైగా పనిచేశారు. చాలా ఏళ్లుగా అధిక రక్తపోటు, దాని వెంట క్రమంగా దెబ్బతింటూ వచ్చిన కిడ్నీలు. 2017 మార్చిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో నేను పనిచేసే కిడ్నీ క్లినిక్‌కు వచ్చేటప్పటికి ఆయన రక్తంలో కిడ్నీలు వడకట్టి పారేయవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ 3.6 ఉంది. ల్యాబ్ రిపోర్టులో దాని కింద రెండు వరుసలు అచ్చయ్యాయి. కిడ్నీల వడపోత సామర్థ్యం, అంటే ఇ-జీఎఫ్‌ఆర్, ఆఫ్రికన్ అమెరికన్ అయితే 21. ఆఫ్రికన్ అమెరికన్ కాకపోతే 18.

నేను 21 చూశాను. అప్పట్లో మేమంతా అలాగే చూసేవాళ్లం. అమెరికాలో కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసే కాలం లెక్కలోకి రావాలంటే ఇ-జీఎఫ్‌ఆర్ 20 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి, లేదా డయాలసిస్ మొదలై ఉండాలి. ఆయనకు 21 ఉంది కాబట్టి ఇంకా కొంత వ్యవధి ఉందనీ, 20కి దిగాక మార్పిడి సంగతి మాట్లాడుకుందామనీ చెప్పి, రక్తపోటు మందులు సవరించి, నాలుగు నెలల తర్వాత రమ్మన్నాను. అదే రక్తం, అదే వయసు, అదే క్రియాటినిన్ ఉన్న తెల్లజాతి రోగి నా ఎదుట కూర్చుని ఉంటే ఆ రోజే మార్పిడి కేంద్రానికి ఉత్తరం వెళ్లి ఉండేదనడంలో సందేహం లేదు. తప్పకుండా రాసేవారం, ఏ కిడ్నీ డాక్టరయినా రాస్తారు. ఈ కేసు సారమంతా ఆ మూడు అంకెల తేడాలో ఉంది.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. వృత్తి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ల్యాబ్ అంకెలను, ఘటనల మధ్య గడిచిన కాలాన్ని మార్చలేదు.

ఆ 21 ఎక్కడి నుంచి వచ్చింది

కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో నేరుగా కొలవడం కష్టం, ఖర్చు. అందుకని కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ రక్తంలో ఎంత పేరుకుందో చూసి, వయసు, స్త్రీపురుష భేదం కలిపి ఒక సూత్రంతో అంచనా కడతాం. 1999లో వెలువడిన ఎమ్‌డీఆర్‌డీ సూత్రం 1,628 మంది రోగుల సమాచారం మీద కట్టింది. వారిలో నల్లజాతీయులు సుమారు 12 శాతం. ఒకే వడపోత సామర్థ్యం ఉన్నప్పటికీ నల్లజాతీయుల్లో క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువగా కనిపించిందని, సూత్రం చివర ఒక గుణకం చేర్చారు. వారికి కండ ఎక్కువ ఉంటుందన్నది అప్పుడు చెప్పిన కారణం. దానికి ఆధారంగా చూపిన అధ్యయనాలు బలహీనమైనవి. 2009లో వచ్చిన సీకేడీ-ఎపి సూత్రంలో ఆ గుణకం 1.159. అంటే నల్లజాతి రోగి అన్న గడిలో టిక్కు పడితే చాలు, కిడ్నీలు దాదాపు 16 శాతం మెరుగ్గా ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది.

లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. 18ని 1.159తో హెచ్చవేస్తే 20.9. మరో రకంగా చెప్పాలంటే, గుణకం లేకుండా 17.3 నుంచి 20 వరకు వచ్చే ప్రతి నల్లజాతి రోగీ, వరుసలో నిలబడే అర్హత ఉండి కూడా, 20కి పైనే ఉన్నట్టు లెక్కకెక్కేవారు. కిడ్నీ జబ్బు నెమ్మదిగా ముదిరే మనిషికి ఆ రెండు మూడు అంకెలు దిగడానికి ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. దాత కోసం ఎదురుచూసే వరుసలో అది చాలా పెద్ద కాలం.

ఆ టిక్కు ఎవరు పెట్టేవారన్నది కూడా చెప్పుకోవాలి. చాలా చోట్ల రిసెప్షన్‌లోని ఉద్యోగి ముఖం చూసి పెట్టేవారు. తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి అయిన ఒక యువతి రిపోర్టుల్లో ఒక ఏడు ఒక గడి, మరుసటి ఏడు మరో గడి నిండి ఉండటం నేనే చూశాను. ఆమె కిడ్నీలు ఆ మధ్యలో మారలేదు. ఇక మన తెలుగువాళ్లమంతా 'కాకపోతే' అన్న వరుసలోకి వచ్చేవాళ్లం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల కథలు వింటూ పెరిగి ఈ వృత్తిలోకి వచ్చినందువల్లనేమో, కండ కరిగి ఎముకల గూడైన కిడ్నీ రోగికి 'కండ ఎక్కువ' అన్న కారణంతో అంకె పెంచడం నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. మింగుడుపడకపోయినా పన్నెండేళ్లకు పైగా ఆ అంకె మీదే సంతకం చేశాను. ఎవరూ ఆపమనలేదు, నేనూ ఆపలేదు.

నల్లజాతీయుల్లో కిడ్నీ వైఫల్యం ఎక్కువగా ఉండటానికి జన్యుపరమైన కారణం ఉంది కదా అని తోటి డాక్టర్లు అడుగుతుంటారు. పశ్చిమాఫ్రికా మూలాలున్న వారిలో ఏపీఓఎల్1 అనే జన్యువులో కనిపించే కొన్ని మార్పులు కిడ్నీ జబ్బు ముప్పును పెంచుతాయన్నది నిజమే. 2010లో అది రుజువైంది. అయితే ఆ మార్పు ఒక మనిషిలో ఉందో లేదో రక్తపరీక్షతో తేలుతుంది, చర్మం రంగుతో తేలదు. పైగా ఆ జన్యువు జబ్బు ముప్పును పెంచేది కాగా, సూత్రంలోని గుణకం జబ్బు తక్కువగా ఉన్నట్టు చూపేది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికే జబ్బు తక్కువని చెప్పే సూత్రాన్ని ఇన్నేళ్లు ఎలా వాడామో ఇప్పుడు విద్యార్థులకు చెప్పేటప్పుడు నాకు సమాధానం దొరకదు.

కేసు గమనం

2018లో ఆయన మూడు అపాయింట్‌మెంట్లలో రెండింటికి రాలేదు. ఫౌండ్రీలో షిఫ్టు మారిందని, సెలవు పెడితే జీతం కోత పడుతుందని తర్వాత చెప్పారు. 2019 నవంబరులో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఎమర్జెన్సీలోకి వచ్చారు. డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలను ముందే కలిపి సిద్ధం చేసే ఫిస్టులా ఇంకా పెట్టలేదు కాబట్టి మెడ పక్కన క్యాథటర్ వేసి ఆ రాత్రే డయాలసిస్ మొదలుపెట్టాం. ముందస్తు సన్నద్ధత లేకుండా ఇలా మొదలైన డయాలసిస్‌లో ఇన్ఫెక్షన్లు ఎక్కువ. ఆయనకూ రెండుసార్లు వచ్చాయి. 2020 ప్రారంభంలో మార్పిడి కేంద్రానికి పంపాను. కోవిడ్ వల్ల పరీక్షలు ఆలస్యమై, 2021 వసంతకాలానికి వెయిటింగ్ లిస్టులో పేరు చేరింది. నిబంధన ప్రకారం ఆయన నిరీక్షణ డయాలసిస్ మొదలైన 2019 నవంబరు నుంచి లెక్కకు వచ్చింది. 2017 మార్చి ఎక్కడా లేదు.

ఇంత మాత్రమే రాసి ఆపితే ఇది ఒక డాక్టరు పొరపాటు, ఒక రోగి దురదృష్టం. మిల్వాకీలో దీన్ని అలా చూడలేం. ఈ నగరంలో నల్లజాతీయులు ఎక్కువగా ఉండేది ఉత్తర భాగంలో. 1930లలో ఫెడరల్ సంస్థ గీసిన ఇళ్ల రుణాల పటాల్లో, రుణమివ్వడం ప్రమాదమని ఎర్ర రంగు పూసిన పేటలవి. రుణం రాలేదు, ఇళ్లు పాతబడ్డాయి, తర్వాత కర్మాగారాలు వెళ్లిపోయాయి, వాటి వెనకే మంచి జీతాలు, బీమా వెళ్లిపోయాయి. దేశ జనాభాలో నల్లజాతీయులు 13 శాతం ఉండగా కిడ్నీలు పూర్తిగా విఫలమైనవారిలో మూడో వంతుదాకా వారే. నా రోగి రక్తపోటుకు మందు ఎప్పుడు మొదలైంది, ఆ మందు ఎన్ని నెలలు మధ్యలో ఆగిపోయింది అన్న ప్రశ్నలకు సమాధానాలు ఆ పటంలో కొంత, ఆయన జీతపు చీటీలో కొంత ఉన్నాయి. సూత్రంలోని గుణకం వాటన్నిటి మీదా చివరగా పడ్డ భారం.

తీర్మానాలు, బిల్లులు, ఉత్తరాలు

2019 మే నెలలో మిల్వాకీ కౌంటీ జాతి వివక్షను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి కౌంటీ ఇదే. అంతకు ముందు ఏడాది విస్కాన్సిన్ ప్రజారోగ్య సంఘం ఇటువంటి తీర్మానం చేసింది. 2020లో కౌంటీ దాన్ని ఆర్డినెన్సుగా, అంటే స్థానిక చట్టంగా మార్చి, కౌంటీ తీసుకునే నిర్ణయాల్లో జాతి సమానత్వాన్ని పరిగణించాలని రాసుకుంది. ఆ ఏడాది మే నెలలో మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక, కోవిడ్ మరణాల్లో తేడా కళ్లకు కట్టాక, నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు వరసగా ఇటువంటి ప్రకటనలు చేశాయి. 200కు పైగా ఉంటాయి. మా కౌంటీ ప్రకటన రోజు ఉదయం డయాలసిస్ సెంటర్‌లో రౌండ్లలో ఉన్నాను. టీవీలో వార్త వస్తుంటే కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ, 'డాక్టర్ గారూ, అయితే రేపటి నుంచి ఏం మారుతుంది?' అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రకటనలు వృథా అని నేను అనను. సమస్యకు పేరు పెట్టనిదే దాని మీద బడ్జెట్ అడగలేం. కానీ తీర్మానంలో చేయవలసిన పని, చేయవలసిన వ్యక్తి, గడువు లేకపోతే క్లినిక్ దాకా ఏదీ చేరదు. కనెటికట్ రాష్ట్రం ఈ తేడాను కొంత గుర్తించింది. 2021లో చేసిన చట్టంలోనే జాతి వివక్షను ప్రజారోగ్య సంక్షోభమని చెప్పి, దానితో పాటు ఒక శాశ్వత కమిషన్‌ను ఏర్పాటు చేసి పని అప్పగించింది.

వాషింగ్టన్‌లో 2020 సెప్టెంబరులో సెనెటర్ ఎలిజబెత్ వారెన్, ప్రతినిధుల సభ సభ్యులు అయానా ప్రెస్లీ, బార్బరా లీ కలిసి ప్రజారోగ్యంలో జాతి వివక్ష నిరోధక బిల్లును ప్రవేశపెట్టారు. వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీలో ఇందుకోసం ఒక జాతీయ కేంద్రం ఏర్పాటు చేయాలని, పోలీసు హింసను నివారించే కార్యక్రమం కూడా అందులో నడపాలని ఆ బిల్లు కోరింది. 2021లో మళ్లీ పెట్టారు, తర్వాతి కాంగ్రెస్‌లోనూ పెట్టారు. అది చట్టం కాలేదు. 2021 ఏప్రిల్ 8న అప్పటి సీడీసీ డైరెక్టర్ రోషెల్ వాలెన్‌స్కీ జాతి వివక్ష తీవ్రమైన ప్రజారోగ్య ముప్పు అని ప్రకటించారు. డైరెక్టర్ ప్రకటన చట్టం కాదు. 2025 జనవరిలో ప్రభుత్వం మారి, సమానత్వ కార్యక్రమాలను రద్దు చేస్తూ ఆదేశాలు వెలువడ్డాక అటువంటి మాటలకు ఎంత రక్షణ ఉందో అందరం చూశాం.

బిల్లు నెగ్గలేదు కాబట్టి చట్టసభ ఏమీ చేయలేదనుకుంటే పొరపాటు. నా రోగి కథ మలుపు తిరిగింది బిల్లు వల్ల కాక, చట్టసభ సభ్యులు రాసిన ఉత్తరాల వల్ల అని నా అభిప్రాయం. 2020 జూన్‌లో వైద్య సూత్రాల్లో దాగిన జాతి గుణకాలను ఒక్కచోట చేర్చి చూపిన వ్యాసం ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. అంతకు ముందు నుంచే వైద్య విద్యార్థులు తమ తమ ఆస్పత్రుల్లో ఈ గుణకాన్ని తీసేయమని పట్టుబడుతున్నారు. బోస్టన్‌లో ఒక ఆస్పత్రి 2017లోనే తీసేసింది కూడా. 2020 సెప్టెంబరులో ప్రతినిధుల సభ వేస్ అండ్ మీన్స్ కమిటీ అధ్యక్షుడు రిచర్డ్ నీల్ వైద్య సంఘాలకు ఉత్తరాలు రాసి, జాతి ఆధారిత సూత్రాల గురించి మీరేం చేస్తున్నారో చెప్పమన్నారు. అదే నెలలో సెనెటర్లు వారెన్, రాన్ వైడెన్, కోరీ బుకర్, సభ్యురాలు లీ ఫెడరల్ వైద్య పరిశోధనా సంస్థకు రాసి ఈ సూత్రాలను సమీక్షించమన్నారు. ప్రధానంగా వృద్ధులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ డబ్బు మీద అధికారం ఉన్న కమిటీ నుంచి ప్రశ్న వచ్చినప్పుడు సంఘాల్లో జరిగే చర్చ వేగం వేరు. జాతీయ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ నెఫ్రాలజీ సొసైటీలు కలిసి 2020లోనే ఏర్పరచిన కార్యబృందం 2021 సెప్టెంబరు 23న తుది నివేదిక ఇచ్చింది: జాతి ప్రస్తావన లేని కొత్త సూత్రాన్ని దేశమంతా వెంటనే వాడాలి, వీలైన చోట్ల, కండ మీద అంతగా ఆధారపడకుండా కిడ్నీ పనితీరును చూపే సిస్టాటిన్-సి రక్తపరీక్షను పెంచాలి.

కొత్త సూత్రం మచ్చలేనిదని నేను రాయను. ఇతర జాతుల వారిలో అది వడపోతను సగటున 3.9 ఎక్కువగా, నల్లజాతీయుల్లో 3.6 తక్కువగా అంచనా వేస్తుంది. కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చే నల్లజాతి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల అంకె తగ్గి, వారు దాతలుగా అర్హత కోల్పోయే ప్రమాదం ఉంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ వంటి మందుల మోతాదు, కొన్ని క్యాన్సర్ మందుల మోతాదు కూడా ఈ అంకె మీదే ఆధారపడతాయి. అందుకే అంచు మీద ఉన్న ప్రతి కేసులోనూ నేను సిస్టాటిన్-సి చేయిస్తాను; దాత విషయంలోనైతే వడపోతను నేరుగా కొలిపిస్తాను. ఏ సూత్రమూ ఖచ్చితం కానప్పుడు, పొరపాటు జరిగితే భారం ఎవరి మీద పడుతుందో చూసుకుని ఎంచుకోవాలన్నది కార్యబృందం దృష్టి అని నేను అర్థం చేసుకున్నాను. దాన్నే నేనూ పాటిస్తున్నాను.

కాలాన్ని వెనక్కి ఇచ్చిన నిబంధన

సూత్రం మారడం రాబోయే రోగులకు మేలు. 2017లో నా ఎదుట కూర్చున్న మనిషికి దానితో ఏమీ రాదు. ఆయనకు పోయినది కాలం. ఆ కాలాన్ని తిరిగి ఇచ్చింది అవయవ మార్పిడి జాతీయ నెట్‌వర్క్ చేసిన నిబంధన.

దాని వెనక చట్టాల వరస ఉంది. 1972లో కాంగ్రెస్ ఒక సవరణ ద్వారా కిడ్నీలు విఫలమైన వారి డయాలసిస్‌కు, మార్పిడికి వయసుతో నిమిత్తం లేకుండా మెడికేర్ వర్తింపజేసింది. 1984లో జాతీయ అవయవ మార్పిడి చట్టం చేసి, అవయవాల పంపిణీకి ఒకే జాతీయ నెట్‌వర్క్ ఏర్పాటు చేసింది. 1986లో చేసిన మరో సవరణతో, మార్పిడి చేసే ఆస్పత్రులు ఆ నెట్‌వర్క్‌లో సభ్యులై ఉండక తప్పని పరిస్థితి తెచ్చింది. లేకపోతే మెడికేర్ సొమ్ము రాదు. ఈ పద్ధతికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలు జాతి వివక్ష చూపకూడదని 1964 పౌర హక్కుల చట్టం చెప్పింది. 1966లో మెడికేర్ మొదలవుతూనే, ఆ డబ్బు కావాలంటే తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు వార్డులు ఉండకూడదని షరతు పెట్టారు. దశాబ్దాలపాటు కదలని దక్షిణాది ఆస్పత్రులు కొద్ది నెలల్లో కదిలాయి. డబ్బుతో ముడిపడ్డ షరతు, తనిఖీకి వచ్చే మనిషి ఉన్నప్పుడు చట్టం ఎంత త్వరగా రోగి మంచం దాకా వస్తుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే వాడతాను.

2022 జూన్‌లో నెట్‌వర్క్ పాలక మండలి, కిడ్నీ మార్పిడి అర్హతకు జాతి గుణకం ఉన్న లెక్కలను వాడకూడదని నిషేధించింది. 2022 డిసెంబరులో మరో అడుగు వేసింది. వెయిటింగ్ లిస్టులో ఉన్న నల్లజాతి రోగుల్లో గుణకం వల్ల ఎవరికి ఆలస్యమైందో ప్రతి మార్పిడి కేంద్రం వెతకాలి. గుణకం తీసేస్తే ఏ తేదీన 20కి వచ్చి ఉండేవారో పాత రిపోర్టుతో చూపాలి. ఆ తేదీ నుంచి నిరీక్షణ కాలాన్ని లెక్కించాలి. లిస్టులో ఉన్న కిడ్నీ రోగులందరికీ, ఏ జాతివారైనా సరే, ఈ విషయం ఉత్తరం ద్వారా తెలపాలి. 2023 జనవరి 5 నుంచి అమలు, ఏడాది గడువు. పని పూర్తయిందని కేంద్రం లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి. చేయవలసినవారు, చేయవలసిన పని, గడువు, రుజువు అన్నీ అందులో ఉన్నాయి. డయాలసిస్ కుర్చీలోంచి ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు ఇలాంటి కాగితమే జవాబు.

ఇక ఆ రుజువు దొరకబుచ్చుకోవడం గురించి. మార్పిడి కేంద్రంలోని కోఆర్డినేటర్ 2023 ఫిబ్రవరిలో నాకు ఫోన్ చేసి, మా రోగి 2019కి ముందటి రిపోర్టులు పంపమన్నారు. ఈ మధ్యలో మా క్లినిక్ చేతులు మారింది, కంప్యూటర్ వ్యవస్థ మారింది. కొత్త వ్యవస్థలోకి క్రియాటినిన్ అంకెలు వచ్చాయి. ఇ-జీఎఫ్‌ఆర్ వరుసలు రాలేదు. 2017, 2018 గళ్లు ఖాళీ. క్రియాటినిన్ ఉంటే మేమే లెక్కకట్టుకోవచ్చు, కానీ ఆనాడు గుణకం ఉన్న అంకె వాడారని చూపే కాగితం ఉంటే దరఖాస్తుకు తిరుగుండదని కోఆర్డినేటర్ అన్నారు. రోగి భార్యకు ఫోన్ చేశాను. మరునాడు ఆవిడ బస్సులో వచ్చారు. బైబిలు కవర్‌లాంటి జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో, సంవత్సరాల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి, మా క్లినిక్ ఇచ్చిన ప్రతి కాగితమూ దాచారు. 2017 కట్టలో నాలుగో కాగితం మడత దగ్గర చిరిగి ఉంది, అంచుకు కాఫీ మరక. 21. దాని కింద 18. పక్కన నా దస్తూరీలో, నీలం ఇంకుతో: 'మార్పిడికి ఇంకా సమయం ఉంది.'

ఆవిడ ఆ కాగితం చూసి నా వైపు చూశారు. ఏమన్నారో రాయను. అన్న మాట సబబైనదే.

దరఖాస్తు వెళ్లింది, ఆమోదం వచ్చింది. నిరీక్షణ ప్రారంభ తేదీ 2019 నవంబరు నుంచి 2017 మార్చికి మారింది. రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు. 2023 శరదృతువులో, రాత్రి రెండు దాటాక, మరణించిన దాత నుంచి కిడ్నీ వచ్చిందని కేంద్రం పిలిచింది. పాత తేదీతోనే ఉండి ఉంటే ఆ రాత్రి ఆ కిడ్నీ ఆయన వంతు వచ్చేది కాదు. శస్త్రచికిత్స తర్వాత కొత్త కిడ్నీ పని మొదలుపెట్టడానికి వారం పట్టింది, మూడుసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది, తర్వాత కోలుకుంది. ఆరు నెలలకు క్రియాటినిన్ 1.4, ఇ-జీఎఫ్‌ఆర్ 58. ఒకటే వరుస.

దేశం మొత్తం మీద 2024 మార్చి మధ్య నాటికి 14,300 మందికి పైగా నల్లజాతి రోగుల నిరీక్షణ కాలం సవరించారు, సగటున రెండేళ్లు. అప్పటికి వారిలో 2,800 మందికి పైగా కిడ్నీ అందుకున్నారు. అవయవాల కొరతే అసలు సమస్య కదా, ఒకరికి ముందు ఇస్తే ఇంకొకరు వెనక్కి పోతారు కదా అని లిస్టులో ఉన్న మా ఇతర రోగులు అడిగారు. వారిలో తెలుగు కుటుంబం కూడా ఒకటి ఉంది. వారి బాధ న్యాయమైనదే. సుమారు 90 వేల మంది వేచి ఉన్న వరుస అది. నేను చెప్పినది ఒకటే: ఎవరినీ వరుస దాటించలేదు, ఎవరు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో ఆ తేదీని సరిచేశారు. ఆ ఇంటి పెద్దాయన కాసేపు ఆలోచించి, 'రేషన్ షాపు దగ్గర సంచి పెట్టి పోయినవాడి సంచి ఎవరో పక్కకు నెట్టేసినట్టు' అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మిగిలిపోయినవి

2024లో ఫెడరల్ ఆరోగ్య శాఖ, ఆరోగ్య బీమా సంస్కరణల చట్టమైన అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557వ సెక్షన్ కింద కొత్త నిబంధన తెచ్చింది. జాతి వంటి అంశాలను లెక్కలోకి తీసుకునే వైద్య సూత్రాలు ఏవేం వాడుతున్నారో గుర్తించి, వాటి వల్ల వివక్ష జరగకుండా తగిన ప్రయత్నం చేయవలసిన బాధ్యతను ఆస్పత్రులపై పెట్టింది. 2025 మే 1 దాని అమలు తేదీ. ఊపిరితిత్తుల పరీక్షలో, ఇతర విభాగాల్లో ఇటువంటి గుణకాల మీద ఆయా సంఘాలు విడివిడిగా పని చేస్తూ వచ్చాయి. ఒక్కో సంఘం ఒక్కో పదేళ్లు తీసుకోకుండా ఉండాలంటే ఇటువంటి సాధారణ నిబంధన అవసరం. అది ఎంత పట్టుదలతో అమలవుతుందన్నది పాలకుల మీద ఆధారపడకుండా చట్టంలోనే రాయాలని నా కోరిక. మా రాష్ట్ర సభ్యులకు నేను రాసిన ఉత్తరంలో రెండు విషయాలు అడిగాను. జాతి గుణకంతో లెక్కించిన పాత ల్యాబ్ రిపోర్టులను వ్యవస్థ మారినా నాశనం చేయకుండా భద్రపరచాలి. ప్లాస్టిక్ సంచి ఉన్న భార్య ప్రతి రోగికీ ఉండదు. ఇక రెండోది, ఇ-జీఎఫ్‌ఆర్ 20కి దిగిన రోజే ల్యాబ్ నుంచి రోగికి నేరుగా ఉత్తరం వెళ్లాలి. నాలాంటి డాక్టరు గుర్తుంచుకోవడం మీద అది ఆధారపడకూడదు.

నిరీక్షణ సవరణ నిబంధనకు ఒక పెద్ద హద్దు ఉంది. అది లిస్టులో పేరున్న వారికే వర్తిస్తుంది. 21 చూసి ఆగిపోయి, తర్వాత డయాలసిస్‌లోనే ఉండిపోయి, మార్పిడి కేంద్రం గడప తొక్కనివారికి సవరించడానికి తేదీయే లేదు. అందుకే 2023 వేసవిలో మా క్లినిక్ పాత రోగుల ఫైళ్లను మా నర్సు ఒకరు, నేను కలిసి సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాం. ఇంకా పంపదగినవారిని పంపాం. కొందరికి గుండె బలహీనపడి శస్త్రచికిత్స తట్టుకోలేని స్థితి వచ్చేసింది.

ఈ పని జరుగుతోందని డయాలసిస్ సెంటర్‌లో ఎవరో చెప్పగా విని, ఒక ఆవిడ ఫోన్ చేశారు. ఆవిడ భర్త మా దగ్గరే చూపించుకునేవారు, 2021 జనవరిలో చనిపోయారు. 'ఆయన రిపోర్టు కూడా ఒకసారి చూస్తారా, డాక్టర్ గారూ' అని అడిగారు. చూశాను. 2016 ఆగస్టు, క్రియాటినిన్ 3.5, ఒక వరుసలో 22, రెండో వరుసలో 19. ఆవిడకు తిరిగి ఫోన్ చేసి రెండు అంకెలూ చదివి వినిపించి, వాటి అర్థం చెప్పాను. ఇప్పుడు దీన్ని ఎక్కడ ఇవ్వాలని అడిగారు. ఇవ్వడానికి ఫారం లేదని చెప్పాను.